సామాన్ల బల్ల మీద నవల

ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర
సోమవారం పొద్దున్న

చిన్నోడా,

ఫోన్ ఎందుకు ఎత్తలేదని నువ్వు తిట్టకముందే చెప్పేస్తున్నాను. ఎత్తితే రెండు నిమిషాల్లో పోట్లాడుకుంటాం. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు, నేను చెప్పాలనుకున్నది చివరిదాకా చెప్పుకోగలను. అక్కగా పుట్టినందుకు ఆ మాత్రం సుఖం నాకుండాలి.

నవల మొదలుపెట్టాను. ఐదోది. నాలుగోదాని తరవాత ఇక చాలు అన్నాను కదా అని గుర్తు చెయ్యకు, నాకు గుర్తుంది. కథ ఇంతవరకే తెలుసు. ఒకావిడకి వాళ్ళ పిన్ని పోతూ పోతూ ఒక పాత లాడ్జి రాసిపోతుంది. ఈవిడకి అది అక్కర్లేదు. అమ్మేసి వెళ్ళిపోదామని వస్తుంది. అద్దెకున్నవాళ్ళందరూ ఖాళీ చేస్తారు, పై అంతస్తు మూలగది ఆయన తప్ప. అద్దె టంచనుగా ఇస్తాడు, ఎదురు చెప్పడు, గొడవపడడు, కానీ కదలడు. ఎందుకు కదలడో నాకూ తెలీదు. తెలుసుకుందామనే రాస్తున్నాను. తెలిసిపోతే ఇక రాయడం దేనికి?

నా పద్ధతి నువ్వెరుగుదువు. పొద్దున్నే కాఫీ పెట్టుకుని, మొదటి పేజీ నుంచి ముందురోజు ఆపినచోటిదాకా చదువుకుంటాను. ఆ ఊపులో ఇంకొంచెం రాస్తాను. నాలుగు నవలలూ అలాగే గట్టెక్కాయి. ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, ప్రచురణ సంస్థలో కొత్త సంపాదకురాలు చేరింది. నవల మొత్తానికీ ముందే ప్లాన్ రాసివ్వమంటోంది. ఏ అధ్యాయంలో ఏం జరుగుతుందో అన్నీను. నాకు ప్లాన్ అంటే ఎంత ఒళ్ళుమంటో నీకు చెప్పక్కర్లేదు. పెళ్ళి భోజనానికి వెళ్ళే ముందు ఇంట్లో కడుపునిండా తినేసి వెళ్ళినట్టుంటుంది.

మీ కంపెనీలో నాటకాలు రాసే ఆయన ఉన్నాడుగా. ప్లాన్ వేసుకోవడం గిట్టనివాళ్ళకి పనికొచ్చే ప్లాన్ ఏదైనా ఉందేమో అడిగి రాయి. నవ్వకు. అవసరం నాది.

మీ అక్క


తెర వెనక గది, రైల్వే స్టేషను పక్క హాలు
శనివారం, ఆట మొదలవడానికి ముందు

అక్కకి,

నీ ఉత్తరం నాలుగు ఊళ్ళు తిరిగి నన్ను పట్టుకుంది. అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయేమిటి? ఒక వరుస ఇంకో వరుస నెత్తినెక్కి కూచుంది. బస్సులో రాశావా, లేక వయసుతోపాటు దర్జా పెరిగిందా?

మా రచయితని అడిగాను. అడక్కుండా ఉంటే బాగుండేది. ఆయన భోజనం ముందు మొదలుపెట్టి, భోజనం చేస్తూ, చెయ్యి ఎండిపోయినా కడుక్కోకుండా చెప్పాడు. ఆయన పద్ధతి కార్డులు. ఒక్కో సంఘటనకి ఒక్కో కార్డు. ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డం, చివరికి ఏమైంది అని రాసి గోడకి అంటించడం. ఆయన చెబుతూ ఉంటే నేను కార్డుల మీద ఎక్కించాను. కట్ట ఇందులో పెడుతున్నాను. కార్డులు చిన్నవి, పెన్సిలుతో ఇరికించి రాశాను, ఓపిగ్గా చదువుకో.

మా సంగతులు మామూలే. కొత్త నాటకంలో సామాన్లు ఎక్కువ. నా బల్ల మీద చోటు చాలక నేల మీద కూడా సర్దుతున్నాను. అమ్మ వేషాలు వేసే పెద్దావిడ నిన్ను అడిగినట్టు చెప్పమంది. నువ్వు రాసినవి అన్నీ చదివిందట. నిన్ను పొగిడినప్పుడల్లా నా వంక చూస్తుంది, నేనేదో రాసినట్టు.

ప్లాన్ కుదిరిందో లేదో రాయి.

నీ తమ్ముడు


ఇంట్లో
వానలు మొదలైన వారం

చిన్నోడా,

కార్డులన్నీ చదివాను. బాగానే ఉన్నాయి. మీ రచయితకి నా కృతజ్ఞతలు చెప్పు, ఆయన పద్ధతి నా నవలని చంపేసిందని మాత్రం చెప్పకు.

నిజంగానే కూర్చున్నాను. లాడ్జి ఆవిడకి ఏం కావాలి, అద్దెకున్న ఆయనకి ఏం కావాలి అని. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని ఆయన ఎందుకు కదలడో తేల్చేశాను. ఆయనకి ఆవిడంటే చిన్నప్పటినుంచీ ఇష్టం. అదీ కారణం. ఎంత చప్పగా ఉందో చూడు. అలా తేల్చిన మరుక్షణం ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. మూలగది తలుపు వేసేసుకున్నాడు. నేను అడిగితే ఆయన చెప్పాలి గానీ, ఆయన తరఫున నేనే గోడమీద రాసేస్తే ఇంకేం చెబుతాడు?

ఇంకో పద్ధతి కావాలి. ఏం జరుగుతుందో నాకు చెప్పకూడదు. ఇప్పటిదాకా ఏం జరిగిందో మాత్రం మర్చిపోనివ్వకూడదు. అలాంటిది ఉంటే రాయి. లేకపోతే నన్నిలాగే వదిలెయ్యి.

రాత సంగతి అడిగావు. పెన్ను మంచిది కాదు.

మీ అక్క


తెర వెనక గది, అదే హాలు
బుధవారం

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి మూడు కాగితాలు చింపాను. నాలుగోదాన్ని చింపకుండా పూర్తి చేస్తాను.

నేను పంపిన కార్డుల్లో ఒకదాని వెనక ఒక మాట రాశాను. మామూలుగా నిన్ను ఉడికించడానికే. ‘నీ మూడో నవల నేను సగంలో ఆపేశాను, విసుగొచ్చింది’ అని. అబద్ధం, రెండుసార్లు చదివాను. కానీ నీ నవలని ఎవరైనా ఒక్క మాట అంటే నువ్వు వాళ్ళ తాతల దాకా వెళ్తావు. నీ ఉత్తరం విప్పేటప్పుడు తిట్లు తినడానికి తయారై కూర్చున్నాను. ఒక్క తిట్టూ లేదు. ‘కార్డులన్నీ చదివాను, బాగానే ఉన్నాయి’ అని ఉంది.

మొదట నాకు కోపమొచ్చింది, చదవకుండా చదివానంటావేమిటని. ఆ తరవాత నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. పెన్ను మంచిది కానంతమాత్రాన వరుసలు ఒకదానిమీద ఒకటి ఎక్కవు.

అక్కా, కార్డులు చదవడం ఇష్టం లేకనా, చదవలేకనా?

నాకు నిజం చెప్పు. భయంగా ఉంది.

చిన్నోడు


ఇంట్లో
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడా,

నీ ఉత్తరాన్ని, పోయినదానిలాగే, కింద లాండ్రీ ఆవిడ చేత చదివించుకున్నాను. కార్డుల మీది పెన్సిలు రాత ఆవిడకీ అందలేదు. ‘తాతల దాకా వెళ్తావు’ అన్నచోట ఆవిడ నవ్వింది. చివరి మాటల దగ్గర గొంతు తగ్గించేసింది. ఇక దాచి లాభం లేదు.

చదవలేకే.

కుడికన్ను కిందటేడే మందగించింది. ఒక కన్ను చాల్లే అనుకున్నాను. ఇప్పుడు ఎడమదీ అదే దారి పట్టింది. చూపు మధ్యలో ఒక మసక మచ్చ. ఎటు చూస్తే అటే వస్తుంది. లాండ్రీ ఆవిడ వంక చూస్తే చెవులూ జుట్టూ కనిపిస్తాయి, మొహం కనపడదు. పూర్తి చీకటి అవదని, అంచులు మిగులుతాయని డాక్టరు చెప్పింది. ఇంజెక్షన్లు ఇస్తోంది. కంట్లోనే ఇస్తారు, అవును, కంట్లోనే. నువ్వు కళ్ళు తిరిగి పడిపోకు, నాకే ఏం కాలేదు.

సంపాదకురాలు పాపం ఏమీ అడగలేదు. ఆవిడ మీద వేసి నేనే అడిగాను. చెయ్యి రాస్తుంది, అలవాటైన చెయ్యి. కాగితం మీద అట్టముక్క పెట్టుకుని దాని అంచు వెంబడి రాసుకుపోతున్నాను. కానీ నిన్న రాసింది ఇవాళ చదువుకోలేను. చదువుకోకపోతే నాకు తరవాతి మాట రాదు. నా పద్ధతి అంతా చదువుకోవడమే కదరా.

ఎవరిచేతనైనా చదివించుకోవచ్చుగా అంటావు. ఉత్తరాలైతే సరే. సగంలో ఉన్న నవల ఇంకొకరి నోట వినలేను. పచ్చిగా ఉన్నప్పుడు వేరే గొంతు పడితే ఆ వాక్యం ఇక వాళ్ళదైపోతుంది. నోటితో చెప్పి రాయించమని డాక్టరు అంది. ప్రయత్నించాను. నోరు విప్పితే నాకు కబుర్లు వస్తాయి గానీ కథ రాదు.

నాకు కళ్ళ గురించి భయం లేదు. అంటే ఉంది, కానీ అదొక్కటే కాదు. ఈ నవల సగంలో ఆగిపోతే నేనిక రచయిత్రిని కాను. చూపు సరిగా లేని ఒక పెద్దావిడని, అంతే. 

నువ్వు మాత్రం అక్కడ పని వదిలేసి రావద్దు. నా మీద ఒట్టు. నా కోసం ఎవరూ తమ బతుకు ఆపుకోవడం నాకిష్టం లేదు. వస్తే నీతో మాట్లాడను. చెప్పానంటే చెప్పినట్టే.

మీ అక్క


తెర వెనక, నదివొడ్డు ఊరి హాలు
శుక్రవారం

అక్కకీ, ఈ ఉత్తరం చదివిపెడుతున్న లాండ్రీ ఆవిడకీ,

ఒట్టు పెట్టావు కాబట్టి రావడం లేదు. పెట్టె మాత్రం ఒకసారి సర్ది, మళ్ళీ విప్పాను. నీ మీద చాలా కోపంగా ఉంది. ఏడాదిపాటు ఒక్కదానివే ఆస్పత్రికి ఎలా తిరిగావు? పండక్కి చీర రంగు బాగుందా అని ఫొటో పంపితే బాగుందన్నావు. ఏం కనిపించి అన్నావు? అవన్నీ కలిసినప్పుడు తేల్చుకుందాం.

ఇక నవల సంగతి. వారం రోజులు మథనపడ్డాక నాకొకటి తోచింది. మా రచయితని అడగలేదు, ఆయన మళ్ళీ చెయ్యి ఎండబెట్టుకుంటాడు.

నా బల్ల నువ్వు చూశావు. తెర వెనక చీకటి. నాటకానికి కావలసిన సామాన్లన్నీ ఏ సీనులో ఎవరికి కావాలో ఆ వరసలో ఎడమనుంచి కుడికి పెట్టుకుంటాను. నటులు చీకట్లో చెయ్యి చాపి తీసుకుంటారు. మా పెద్దావిడకి ఈమధ్య మాటలు గుర్తుండటం లేదు. పక్కనుంచి మాట అందిస్తే కంగారుపడుతుంది. కానీ చేతిలో బుట్ట పెడితే చాలు, ఆ సీను మొత్తం దానంతటదే వచ్చేస్తుంది. బుట్ట ఏమీ చెప్పదు. చేతిలో ఉంటుంది, అంతే.

నీకు కావలసింది అదేనేమో. నీ పొడుగాటి బల్ల ఖాళీ చెయ్యి. రాసిన ఒక్కో సీనుకీ ఒక్కో వస్తువు పెట్టు. ఆ సీనులో ఎవరి చేతిలోనైనా ఉన్న వస్తువే కావాలి. ఏం జరిగిందని రాసుకోవద్దు. పొద్దున్నే చదువుకునే బదులు ఎడమ చివర్నుంచి ఒక్కోటీ చేత్తో పట్టుకుంటూ రా. ఇంకా రాయనివాటికి కూడా పెట్టుకో, ఏ వస్తువు చేతికి నచ్చితే అది. దాంతో ఎవరేం చేస్తారో రాసేటప్పుడు తెలుస్తుంది. ముందే తేల్చుకున్నావో, నీ మూలగది ఆయన మళ్ళీ తలుపేసుకుంటాడు.

ఒకటి గుర్తుంచుకో. బల్లని ఎవరూ ముట్టుకోకూడదు. మా దగ్గర ముట్టుకున్నవాడికి ఆ రోజు టీ ఉండదు.

నీ చిన్నోడు


ఇంట్లో, పొడుగాటి బల్ల దగ్గర
వానలు తెరిపిచ్చిన రోజు

చిన్నోడా,

మొదట నవ్వుకున్నాను. పిల్లలాటలా ఉందనుకున్నాను. వేరే దిక్కులేక మొదలుపెట్టాను.

తాళంచెవి పెట్టాను, ఆవిడ లాడ్జి గేటు తీసే సీనుకి. పగిలిన కప్పు పిడి, ఆయనతో మొదటిసారి మాటామాటా వచ్చినప్పటిది. గొడుగు, వాన సీనుకి. ఉన్ని టోపీ, ఆయన జబ్బుపడ్డప్పటిది. కరెంటు పోయిన సీనుకి టార్చిలైటు. మర్నాడు కళ్ళు మూసుకుని తాళంచెవి పట్టుకున్నాను. కళ్ళు మూసుకోవడం ఎందుకో నాకే తెలీదు, తెరిచినా పెద్ద తేడా లేదుగా. చల్లగా తగిలింది. ఆ చల్లదనంతో గేటు దగ్గర ఆవిడ నిలబడ్డ తీరు, పొద్దుటి చలి, తుప్పు పట్టిన గొళ్ళెం అన్నీ వచ్చి కూర్చున్నాయి. నా వాక్యాలు రాలేదు. ఆవిడ వచ్చింది. కప్పు పిడి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వినిపించింది. బల్ల చివరికి చేరేసరికి చెయ్యి పెన్ను కోసం వెతుక్కుంది. చిన్నోడా, ఆ రోజు మధ్యాహ్నందాకా లేవలేదు. నాకు పట్టరాని సంతోషంగా ఉంది, దాన్ని గొప్పగా చెప్పడం చేతకావడం లేదు.

ఒక ప్రమాదం జరిగింది. లాండ్రీ ఆవిడ నాకు సాయం చేద్దామని బల్ల శుభ్రం చేసింది. టార్చిలైటు డ్రాయరులో పెట్టింది, గొడుగునీ టోపీనీ అటూ ఇటూ మార్చింది. మర్నాడు నా నవల్లో కరెంటు పోలేదు. ఏదో వెలితిగా ఉందనుకుంటూనే ముందుకెళ్ళాను. టోపీ ముందొచ్చి గొడుగు తరవాత వచ్చేసరికి, ఆయన జబ్బుపడటం వానకి ముందే జరిగిపోయింది. ఆవిడ గొడుగు పట్టుకుని మందుకోసం వెళ్ళింది. నేను వంద కార్డులు రాసినా ఇంత చక్కగా కుదిరేది కాదు. లాండ్రీ ఆవిడకి టీ ఇచ్చాను, నీ నియమం పక్కన పెట్టి. కరెంటు సీను తీసేశాను. ఎవరూ దిగులుపడలేదు.

నా పద్ధతి దొరికింది. ప్లాన్ అని పిలవను, పిలిస్తే నాకే కోపమొస్తుంది. వస్తువుని జరిపితే కథ జరుగుతుంది. ఎక్కడికెళ్తుందో మాత్రం అది చెప్పదు.

బల్ల కుడి చివర ఒక స్క్రూడ్రైవరు పెట్టాను. అది ఎవరి చేతిలోదో, దేనికో తెలీదు. పట్టుకుంటే బాగుంది, అంతే.

మీ అక్క


ఇంట్లో
గురువారం

చిన్నోడా,

అయిపోయింది. చివరి అధ్యాయం ఇందులో పెడుతున్నాను. మిగతావి సంపాదకురాలికి పంపేశాను, ఇది మాత్రం ముందు నువ్వు చదవాలి.

స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాను. అది ఆగకుండా వచ్చింది. కాగితం మీద కాగితం, చెయ్యి నొప్పెట్టినా ఆపలేదు. చివర్లో ఏడ్చాను కూడా. ఇన్నేళ్ళలో ఇంత వేగంగా ఏదీ రాయలేదు. ఇంకోసారి రాయమంటే నావల్ల కాదు. ఇలాంటిది ఒక్కసారే వస్తుంది.

లాండ్రీ ఆవిడ కవరు మీద అడ్రసు రాసిన తన పెన్నే నా చేతిలో పెట్టి, పోస్టులో వెయ్యడానికి తొందరపెడుతోంది, మళ్ళీ వాన వచ్చేట్టుందట. చదివి వెంటనే రాయి.

అక్క


తెర వెనక, నదివొడ్డు ఊరి హాలు
మంగళవారం

అక్కా,

ముందు కుర్చీలో కూర్చో. లాండ్రీ ఆవిడా, మీరు కూడా కూర్చోండి. అక్క పక్కనే కూర్చోండి.

నీ కవరు విప్పాను. కాగితాలు తెల్లగా ఉన్నాయి. మొదటి పేజీలో రెండు వరుసలున్నాయి, రంగు పలచబడుతూ పలచబడుతూ ఆగిపోయింది. నీ పెన్నులో సిరా అయిపోయిందక్కా. నువ్వు రాస్తూనే ఉన్నావు. అధ్యాయం మొత్తం వట్టి పెన్నుతో రాశావు.

ఆ కాగితాలు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలీదు. నీకు చెప్పకుండా ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. అందుకే జవాబు ఆలస్యమైంది. నిన్ను తలుచుకుంటే ఏడుపొచ్చింది. మా పెద్దావిడ చూసి ఏమైందంది. చూపించాను. ఆవిడ ఒక కాగితం తీసుకుని వేలితో తడిమి, ‘ఇందులో ఉందిరా’ అంది.

నువ్వు నొక్కి రాస్తావు, దేవుడి దయ. బాల్ పెన్ను కాబట్టి గుంటలు పడ్డాయి. లైట్లు చూసుకునే ఆయన హాలు కిటికీలన్నీ మూసి, ఒక చిన్న లైటు తెచ్చి కాగితం అంచు దగ్గర పక్కగా పట్టుకున్నాడు. పైనుంచి వేస్తే ఏమీ లేదు. పక్కనుంచి వేస్తే ఒక్కో అక్షరానికీ సన్నటి నీడ పడింది. పెద్దావిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది, నేను రాసుకున్నాను. పొద్దున కూర్చుంటే రిహార్సలు గంటదాకా పట్టింది. రిహార్సలుకి వచ్చినవాళ్ళు కూడా చుట్టూ నేలమీద కూర్చుని విన్నారు. నీ అధ్యాయం చాలా బాగుంది. మెట్లమీద ఆయన సామాను దించే చోట ఎవరూ కదల్లేదు.

అన్నీ దొరికాయి, చివరి పేజీ తప్ప. అది కవరు అడుగున ఉంది, వానకి తడిసి ఉబ్బిపోయింది. గుంటలు పూడిపోయాయి. ఎంత వంచి చూసినా ఒక్క అక్షరం లేదు.

ఆగిపోయిన చోటు చెబుతాను. ఆయన సూట్‌కేసు పట్టుకుని మూలగది తలుపు తీశాడు. ఎదురుగా ఆవిడ నిలబడి ఉంది. గది తలుపు మీద ఆయన పేరున్న చిన్న బోర్డు. ఆవిడ చేతిలో స్క్రూడ్రైవరు. అంతే. వెళ్తాడని సగం మంది, ఉంటాడని సగం మంది ఇక్కడ కొట్టుకు ఛస్తున్నారు.

ఇలాంటిది ఒక్కసారే వస్తుందని రాశావు. నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఏమైందక్కా?

చిన్నోడు


ఇంట్లో
సోమవారం, ఎండగా ఉంది

చిన్నోడా,

నీ ఉత్తరం విని ముందు నవ్వాను. తరవాత ఏడ్చాను. లాండ్రీ ఆవిడ రెండింటికీ తోడొచ్చింది. కవరు వానలో తనే తీసుకెళ్ళానని ఆవిడ బాధ. ఇప్పుడు కొత్త పెన్నుల డబ్బా తెచ్చిపెట్టింది. ఈ ఉత్తరం రాస్తుంటే ప్రతి వరుసకీ తొంగిచూసి ‘పడుతోంది, పడుతోంది’ అంటోంది.

మీ పెద్దావిడకి నా నమస్కారం చెప్పు. లైటు పట్టుకున్నాయనకి కూడా. నా మాటలకోసం అంతమంది నేలమీద కూర్చున్నారంటే నమ్మబుద్ధి కావడం లేదు.

చివరి పేజీలో ఏం రాశానో వాక్యాలు గుర్తులేవు. జరిగింది మాత్రం గుర్తుంది. ఆవిడ స్క్రూలు విప్పి, బోర్డు తీసి ఆయన చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎందుకున్నాడో చెప్పకుండానే. పుస్తకం చివర పెట్టడానికి చక్కగానే ఉంటుంది. అదే మళ్ళీ రాసి పంపుదామని నిన్న బల్ల దగ్గర కూర్చున్నాను. ఎడమనుంచి మొదలుపెట్టి ఒక్కోటీ పట్టుకుంటూ వచ్చాను. స్క్రూడ్రైవరు దగ్గరికి వచ్చాక దాన్ని చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. ఆవిడ బోర్డు విప్పలేదు. ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది. నవల మొత్తంలో దాన్ని ఆవిడ అడగలేదు, నేనూ ఆవిడ చేత అడిగించలేదు. మేం ఇద్దరం ఆయన్ని ఎలా పంపాలా అనే చూశాం.

కొత్త పేజీ ఇది. మీ వాళ్ళకి చదివి వినిపించు.

“మీరు ఎందుకు వెళ్ళలేదు?” అని అడిగింది ఆవిడ.

ఆయన సూట్‌కేసు కింద పెట్టాడు. “ఖాళీ చెయ్యమని అందరూ అన్నారు. ఎందుకని మొదటిసారి ఇప్పుడు మీరే అడిగారు. చివరి రోజుల్లో మీ పిన్నిగారికి ఒంటరిగా ఉండాలంటే భయంగా ఉండేది. పైన ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపిస్తే పడుకునేవారు. అందుకని పడుకోబోయే ముందు గదిలో కాసేపు అటూ ఇటూ నడిచేవాణ్ణి. ఆవిడ పోయాక మానేద్దామనుకున్నాను. మీరు వచ్చి కింద ఆవిడ గదిలోనే దిగారు. మీరూ దీపం ఆర్పకుండా పడుకుంటున్నారు. నాలుగు రోజులు నడిచి చూశాను. అయిదో రోజు మీ గదిలో దీపం ఆరింది. మీతో చెబితే మిమ్మల్ని చిన్నబుచ్చినట్టు ఉంటుందని ఊరుకున్నాను.”

ఆవిడ తలుపు మీది బోర్డుని చేత్తో పట్టుకుని చూసింది. స్క్రూ వదులైపోయి అది కదులుతోంది. స్క్రూడ్రైవరు పెట్టి బిగించింది.

ఇంతే. ఇదే ముగింపు.

మొదటిసారి ఆయన్ని ఎందుకు పంపేశానో నాకు తెలుసు. నా కోసం ఎవరో ఆగిపోవడం అనే మాటే నాకు సిగ్గుగా ఉంటుంది. నిన్ను రావద్దని ఒట్టు పెట్టినదీ అందుకే. అది పొగరు అనుకునేదాన్ని, భయం అని ఇప్పుడు తెలిసింది. నవల ఆగిపోతే నేనేమైపోతానో అని ఇన్నాళ్ళూ బెంగపడ్డాను. నవల అయిపోయింది, బాగా వచ్చింది. ఇల్లు మాత్రం చాలా నిశ్శబ్దంగా ఉందిరా.

ఒట్టు తీసేస్తున్నాను. పని మానెయ్యమని అనడం లేదు. ఆటలు లేని నెలల్లో వచ్చి ఇక్కడ ఉండు. సాయం చెయ్యక్కర్లేదు, వండిపెట్టక్కర్లేదు, చదివిపెట్టక్కర్లేదు. ఇంట్లో నువ్వు నడుస్తుంటే నాకు వినిపిస్తే చాలు.

అక్క


తెర వెనక
శనివారం

అక్కకి,

చివరి పేజీ చదివి వినిపించాను. ఉంటాడన్నవాళ్ళు గెలిచారు. వెళ్తాడన్నవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. పెద్దావిడ నా వంక చూసి, వెళ్ళి నా పెట్టె తెచ్చి ముందు పెట్టింది.

ఈ ఊళ్ళో ఆటలు అయిపోగానే బయల్దేరుతున్నాను. మళ్ళీ ఆటలు మొదలయ్యేది చలికాలం తరవాతే.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది. తెర వెనక పనిలో చేరిన రోజు మాకు మొట్టమొదట నేర్పేది చప్పుడు లేకుండా నడవడం. ముప్ఫై ఏళ్ళుగా నా కాళ్ళకి మెత్తటి గుడ్డ చెప్పులే. నేను గదిలోకి వస్తే ఎవరికీ తెలీదు, మా నటులు ఉలిక్కిపడుతూ ఉంటారు. అందుకని నిన్న బజారుకి వెళ్ళి, అడుగు బాగా గట్టిగా ఉన్న తోలు బూట్లు ఇమ్మన్నాను. తొడుక్కుని షాపులో ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచాను. లోపల లెక్క చూసుకుంటున్న ముసలాయన కూడా తలెత్తి చూశాడు.

అవే ఇమ్మన్నాను.

చిన్నోడు